డాప్లర్ గారి రంగుల పొరపాటు

ఏడో నెల నిండిన అమ్మాయిని పరీక్షకి తీసుకెళ్తాం. డాక్టరమ్మ బరువు చూసి, బీపీ చూసి, పొట్ట మీద చెయ్యివేసి చూసి, "ఎందుకైనా మంచిది, ఒకసారి డాప్లర్ తీయిద్దాం" అంటుంది. అంతే, అమ్మాయి తల్లికి గుండెల్లో రాయి పడుతుంది. ఏమైనా తేడాగా ఉందా అని అడగాలని ఉంటుంది, అడగదు. తీరా ఆ గదిలోకి వెళ్తే, తెర మీద నలుపూ తెలుపూ మసకల మధ్య ఒకచోట ఎర్రగా, ఒకచోట నీలంగా ఏదో కదులుతూ కనిపిస్తుంది. ఎరుపు మంచి రక్తం, నీలం చెడ్డ రక్తం అని మనకి మనమే అర్థం చెప్పేసుకుంటాం. నీలం కాస్త ఎక్కువ కనబడిందా, ఆ రాత్రికి నిద్ర లేనట్లే.

నిజానికి ఆ రంగులకీ రక్తం మంచిచెడ్డలకీ ఏ సంబంధమూ లేదు. మామూలుగా, పొట్ట మీద ఆనించిన పరికరం వైపు వస్తున్న రక్తానికి ఎరుపు, దూరంగా పోతున్న రక్తానికి నీలం పులుముతుంది యంత్రం. అది కూడా చూసేవాళ్ల సౌకర్యం కోసమే. బిడ్డకి బొడ్డుతాడు గుండా రక్తం సరిగ్గా పారుతోందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఆ పరీక్ష. 1950లలో జపాన్‌లో, ఒసాకాలో, షిగియో సతోమురా అనే ఆయన గుండె కదలికలు వినడానికి మొదలుపెట్టిన పద్ధతి పెరిగి పెరిగి మన ఊళ్ల ఆసుపత్రుల దాకా వచ్చింది.

డాప్లర్ అన్నది మాత్రం యంత్రం పేరు కాదు. ఒక మనిషి ఇంటిపేరు. ఆయన డాక్టరు కాదు, ఆయన కాలానికి ఇలాంటి యంత్రం కలలో కూడా లేదు. ఆయన చూసింది ఆకాశం వైపు. చుక్కలకి రంగులెందుకున్నాయో చెప్పబోయాడు. తమాషా ఏమంటే, ఆయన చెప్పిన సూత్రం నూటికి నూరుపాళ్లూ నిజం, దేనికోసం చెప్పాడో అది మాత్రం తప్పు. ఆ తప్పుతోనే ఆయన పేరు మిగిలింది. నాకు ఆ కథ చదివినప్పటినుంచీ ఆ మనిషి మీద ఏదో అభిమానం.

క్రిస్టియన్ డాప్లర్ 1803 నవంబరు 29న, ఇప్పటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పుట్టాడు. సంగీతం వల్ల ఆ ఊరు పేరు విన్నవాళ్లు చాలామంది, మోజార్ట్ ఊరది. మోజార్ట్ కుటుంబం కొన్నాళ్లు కాపురమున్న ఇల్లూ, డాప్లర్ పుట్టిన ఇల్లూ ఒకే కూడలిలో ఉన్నాయి. డాప్లర్ వాళ్లది తరతరాలుగా రాతిపని చేసే కుటుంబం. కలిగినవాళ్లే. కాని ఈ పిల్లవాడు అర్భకుడు. ఉలీ సుత్తీ పట్టే శరీరం కాదు. రాతిపనికి పనికిరాడు కనుక చదువుకి పంపారు. మన ఇళ్లలోనూ ఉన్నదే కదా ఈ న్యాయం! లెక్కల్లో పిల్లవాడి చురుకు చూసి, స్టాంఫర్ అనే మేష్టారు వియన్నా పంపించమని చెప్పాడు.

చదువైతే అయింది. ఉద్యోగం? వియన్నాలో నాలుగేళ్లు ఒక ప్రొఫెసరు దగ్గర సహాయకుడుగా ఉన్నాడు. ఆ గడువు తీరాక దరఖాస్తులు పెట్టడం, ఎదురుచూడటం. పొట్టకూటికోసం ఒక నూలుమిల్లులో పద్దులు రాశాడు. 1835 నాటికి విసిగిపోయాడు. ముప్ఫై దాటాయి, పెళ్లి లేదు, స్థిరమైన పని లేదు. ఇక ఈ దేశంలో లాభం లేదు, అమెరికా పోతానని సామాన్లు అమ్ముకున్నాడు. మ్యూనిక్ దాకా వెళ్లి అమెరికా కాన్సల్‌ని కలిశాడు కూడా. సరిగ్గా అప్పుడు ప్రేగ్ నగరంలో ఒక సాంకేతిక పాఠశాలలో ఉద్యోగం ఖాయమైందని కబురొచ్చింది. అమెరికా ప్రయాణం ఆగిపోయింది. మరుసటి ఏడు సొంత ఊరి కంసాలి ఇంటి అమ్మాయి మెటిల్డాని పెళ్లి చేసుకున్నాడు. అయిదుగురు పిల్లలు.

ప్రేగ్‌లో ఉద్యోగమంటే కుర్చీలో కూర్చునేది కాదు. వందల మంది విద్యార్థులకి పాఠాలు చెప్పాలి, రాతపరీక్షలూ నోటిపరీక్షలూ చెయ్యాలి. పుట్టుకతోనే బలహీనమైన ఊపిరితిత్తులు ఆ చాకిరీకి తట్టుకోలేకపోయాయి. ఆ దగ్గు మధ్యనే, 1842 మే 25న, ప్రేగ్‌లోని రాయల్ బొహీమియన్ సైన్సు సంఘం వాళ్ల సమావేశంలో ఒక వ్యాసం చదివాడు. జంట నక్షత్రాల రంగుల కాంతిని గురించి అని దాని పేరు. విన్నవాళ్లు గుప్పెడుమంది. మా కథారచయితల సభలకి వచ్చే జనంతో పోల్చుకుంటే మరీ తక్కువేం కాదనుకోండి.

ఆయన చెప్పింది వినడానికి కష్టంగా ఉంటుంది గాని, అసలు సంగతి చాలా తేలిక. ఉత్తరాల కాలంలోకి ఒకసారి వెళ్దాం. మీ అత్తగారు కాశీయాత్రకి బయల్దేరారు. దారిలో అక్కడక్కడా ఆగుతూ, రోజుకో కార్డుముక్క రాసి డబ్బాలో పడేస్తానని మాట ఇచ్చారు. ఆవిడ మాట తప్పే మనిషి కాదు. మొదటి కార్డు సామర్లకోటలో వేశారు, మర్నాటికి మీకు అందింది. రెండోది విజయనగరంలో వేశారు, రావడానికి దానికి ఇంకొంచెం ఎక్కువ సమయం పట్టింది. అటుపైది బరంపురం, ఆ పైది కటకం. ఆవిడ దూరమవుతున్నకొద్దీ ప్రతి కార్డూ ముందుదానికన్నా ఎక్కువ దూరం నడిచి రావాలి. అందుకని ఇంటికి రోజుకొకటి చొప్పున రావు, వాటి మధ్య ఎడం పెరుగుతుంది. తిరుగు ప్రయాణంలో దానికి సరిగ్గా ఎదురు. రోజురోజుకీ ఆవిడ దగ్గరవుతున్నారు, కార్డులు ఒకదాని వెనక ఒకటి త్వరత్వరగా వచ్చి పడతాయి. చివరి కార్డూ ఆవిడా ఒకే రోజున గుమ్మంలో దిగినా ఆశ్చర్యం లేదు. ఆవిడ రాసింది మాత్రం మొదటినుంచీ రోజుకొకటే.

కార్డులకి బదులు అలలు అనుకోండి, అదే డాప్లర్ సూత్రం. రైలు కూత వేసుకుంటూ స్టేషనులోకి దూసుకొస్తున్నప్పుడు ఆ కూత కీచుగా ఉంటుంది, మనల్ని దాటిపోగానే జావగారిపోతుంది. డ్రైవరు శ్రుతి మార్చలేదు. శబ్దపు అలలు వచ్చేటప్పుడు దగ్గరదగ్గరగా, పోయేటప్పుడు ఎడమెడంగా మన చెవికి తగులుతున్నాయి.

వెలుగూ అలలే. ఎర్ర వెలుగైతే సెకనుకు నాలుగు కోట్ల కోట్ల పైచిలుకు అలలు కంటికి తగులుతాయి. ఊదా రంగైతే ఏడు కోట్ల కోట్ల పైమాటే. మిగిలిన రంగులు ఈ రెంటికీ మధ్య. మరి వెలుగిచ్చే వస్తువు మనవైపు వస్తుంటే అలలు చిక్కబడాలి, అంటే రంగు నీలంవైపు జరగాలి. దూరంగా పోతుంటే అలలు పలచబడాలి, రంగు ఎరుపువైపు జరగాలి. ఇంతవరకూ డాప్లర్ చెప్పినదాంట్లో వంక లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. మన రోహిణిని చూడండి, నారింజ రంగులో ఉంటుంది. ఆర్ద్రా జ్యేష్ఠా ఎర్రగా ఉంటాయి. చిత్త నీలిగా మెరుస్తుంది. దూరదర్శినిలో చూస్తే కొన్ని జంట నక్షత్రాలు మరీ ముచ్చటగా, ఒకటి పసుపూ ఒకటి నీలంగా కనిపిస్తాయి. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట కదా, ఒకటి మనవైపు వస్తుంటే రెండోది దూరంగా పోతూ ఉంటుంది. అందుకే ఒకటి నీలం, ఒకటి ఎరుపు అన్నాడు డాప్లర్. నక్షత్రాలన్నీ స్వతహాగా తెల్లనివీ లేతపసుపువీ మాత్రమేననీ, ఈ రంగులన్నీ పరుగు పెట్టిన రంగులనీ తేల్చేశాడు.

ఎంత అందంగా ఉందో చూడండి, ఆ ఊహ! కాని తప్పు. చుక్కల రంగు వాటి వేడినిబట్టి వస్తుంది. కొలిమిలో ఇనుము ముందు ఎర్రగా కాలి, తర్వాత పసుపై, ఇంకా కాలితే తెల్లబడినట్టు. జ్యేష్ఠ మిగతావాటికన్నా చల్లనిది కనుక ఎరుపు, చిత్త మహా వేడి కనుక నీలి తెలుపు. డాప్లర్ మాటే నిజమైతే, జంటలోని రెండు చుక్కలూ తిరుగుతూ తిరుగుతూ రంగులు మార్చుకోవాలి. నీలం ఎరుపవ్వాలి, ఎరుపు నీలమవ్వాలి. అలా మారగా చూసినవాళ్లు ఎవరూ లేరు.

హాలెండు దేశపు బయ్స్ బాలో అనే యువకుడికి ఈ రంగుల వ్యవహారం బొత్తిగా నమ్మబుద్ధి కాలేదు. ముందు శబ్దం సంగతి తేల్చుకుందామనుకున్నాడు. 1845లో ఆయన చేసిన ప్రయోగం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. యుట్రెక్ట్ ఊరి దగ్గర రైలుమార్గం మీద ఒక ఇంజనూ పెట్టే సంపాదించాడు. పెట్టెలో బాకాలు ఊదేవాళ్లని ఎక్కించాడు. పట్టాల పక్కన శ్రుతిజ్ఞానం బాగా ఉన్న విద్వాంసుల్ని నిలబెట్టాడు. రైలు వస్తూ ఉంటుంది, లోపలివాళ్లు ఒకే స్వరం పట్టి ఊదుతుంటారు, కిందివాళ్లు అది ఎంత హెచ్చిందో ఎంత తగ్గిందో చెవితో విని రాసుకోవాలి. ఫిబ్రవరిలో మొదలుపెడితే మంచుగాలికి ఎవరివల్లా కాలేదు. చలిలో బాకాలేం పలుకుతాయి! మళ్లీ జూన్ నెలలో చేశారు. ఇంజను రొద, గాలి, పరుగు, వీటన్నిటి మధ్యా విద్వాంసుల చెవులు మోసపోలేదు. వచ్చేటప్పుడు స్వరం హెచ్చింది, పోయేటప్పుడు తగ్గింది. డాప్లర్ సూత్రం గెలిచింది. కాని అదే చేత్తో, చుక్కల రంగులకి ఇది కారణం కాదని కూడా బాలో రాశాడు. డాప్లర్ ఒప్పుకోలేదు. చివరిదాకా ఒప్పుకోలేదు.

బాలో పట్టుకున్న లోపం చాలా సూక్ష్మమైనది. దాన్ని పెళ్లిబంతిలో పెట్టి చూస్తే మనకి బాగా తెలుస్తుంది.

ఒక బంతిలో ఏడు విస్తళ్లు వేశారనుకోండి, ఇంద్రధనుస్సులో ఏడు రంగుల్లాగా. ఊదా ఒక కొసన, ఎరుపు రెండో కొసన. రంగు విస్తరిది, కూర్చున్న మనిషిది కాదు. అందరినీ ఎరుపు కొసవైపు ఒక్కొక్క విస్తరి జరగమన్నారు. ఎరుపు కొసనున్న మనిషి బంతిలోంచి బయటికి పోయాడు. మరి ఊదా విస్తరి ఖాళీ అయిందా? కాలేదు. వసారాలో నిలబడి ఉన్నవాళ్లలోంచి ఒకరొచ్చి అందులో కూర్చున్నారు. ఏడు విస్తళ్లూ మళ్లీ నిండుగానే ఉన్నాయి. దూరంనుంచి చూసేవాళ్లకి ఏ తేడా తెలియదు. ఆ వసారాలోవాళ్లే మన కంటికి ఆనని వెలుగులు: ఊదాకి ఆవల ఒక గుంపు, ఎరుపుకి ఈవల ఒక గుంపు. ఎరుపు దాటిన వేడి కిరణాలని విలియం హెర్షెల్ 1800లో, ఊదా దాటినవాటిని రిట్టర్ 1801లో అప్పటికే కనిపెట్టి ఉన్నారు. డాప్లర్ వాటిని లెక్కలో వేసుకోలేదు. నక్షత్రం ఎంత పరుగెత్తినా, మామూలు వేగాల్లో దాని మొత్తం రంగు ఇంచుమించు అలాగే ఉంటుంది.

పైగా ఆ జరగడం కూడా విస్తరి మేర కాదు, వెంట్రుకవాసి. ఎర్రదీపం దాటేసిన డ్రైవరు, నేను వేగంగా వస్తున్నాను కనుక నాకు పచ్చగా కనబడిందని పోలీసుతో అన్నాడని ఒక పాత జోకు ఉంది. సరదాకి లెక్క కడితే, ఎరుపు పచ్చగా కనబడాలంటే సెకనుకు దాదాపు 60 వేల కిలోమీటర్ల వేగంతో పోవాలి. అంటే ఒక్క సెకనులో భూమిని ఒకటిన్నరసారి చుట్టిరావాలి. ఎర్రదీపానికి జరిమానా తప్పించుకున్నా, వేగానికి వేసే జరిమానా ఎవరు కడతారు?

సరే, మళ్లీ బంతి దగ్గరికి. అందరూ జరిగారన్న సంగతి ఎలా తెలుస్తుంది? ఒకటే దారి. మధ్యలో ఎవరో రాక ఒక చోటు ఖాళీగా ఉందనుకోండి. వరస జరిగినప్పుడు ఆ ఖాళీ కూడా జరుగుతుంది. దాన్ని చూసి, ఓహో, వరస కదిలిందని చెప్పచ్చు. నక్షత్రాల వెలుగులోనూ అలాంటి ఖాళీలున్నాయి. గాజు పట్టకం గుండా పంపి వెలుగుని పట్టీలా పరిస్తే, రంగుల మధ్య సన్నటి నల్లని గీతలు కనిపిస్తాయి. ఫలానా మూలకం ఫలానా చోట వెలుగుని మింగేసిందని అర్థం. సూర్యుడి వెలుగులో ఈ గీతలని ఫ్రాన్‌హోఫర్ 1814లోనే గుర్తించి గీసిపెట్టాడు. రంగు కాదు చూడాల్సింది, గీత జరిగిందా లేదా అని చూడాలని 1848లో పారిస్‌లో ఫిజో చెప్పాడు. తలుపు తాళంచెవి అది. కాని ఆయన ఆ ఉపన్యాసాన్ని అచ్చు వేయించలేదు. ఇరవై ఏళ్లు పైగా అలాగే ఉండిపోయింది.

డాప్లర్ ఆ సంగతి వినలేదు. అప్పటికాయన చిక్కులు ఆయనవి. ప్రేగ్ విడిచి షెమ్నిట్స్ అనే గనుల ఊళ్లో ఉద్యోగానికి వెళ్తే, అక్కడ 1848 విప్లవం వచ్చిపడింది. పెళ్లాం బిడ్డల్ని వెంటబెట్టుకుని మళ్లీ వియన్నా చేరాడు. 1850లో వియన్నా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర సంస్థకి మొదటి డైరెక్టరు అయ్యాడు. ఎట్టకేలకు సుఖపడే రోజులొచ్చాయనుకోవాలి. అక్కడ ఆయన పాఠాలు విన్నవాళ్లలో ఒక సన్యాసి కూడా ఉన్నాడు. తర్వాత బఠానీ మొక్కలతో వంశపారంపర్యం గుట్టు విప్పిన మెండెల్ ఆయనే.

సుఖం రెండేళ్లు కూడా నిలవలేదు. 1852లో వియన్నా సైన్సు అకాడమీలో పెట్స్‌వల్ అనే పెద్దమనిషి డాప్లర్ సూత్రం మీద విరుచుకుపడ్డాడు. ఫోటోలు తీసే కటకాలని బాగుచేసిన ప్రసిద్ధుడాయన, గణితంలో ఉద్దండుడు. ఆయన వాదన ఏమిటయ్యా అంటే, ఇంత చిన్న సమీకరణంలోంచి ప్రకృతి రహస్యం బయటపడటం అసాధ్యం, గొప్ప సంగతులు గొప్ప లెక్కల్లోంచే వస్తాయి అని. నాలుగు మాటల్లో చెప్పగలిగినదానికి విలువ లేదనే పండితులు అన్ని దేశాల్లోనూ ఉంటారు కాబోలు. డాప్లర్ లేచి జవాబు చెప్పాడు. సమర్థించినవాళ్లూ లేకపోలేదు. అయినా ఊపిరితిత్తుల జబ్బు ముదిరిన మనిషికి ఆ వాగ్యుద్ధం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ ఏడు చలికాలం ముందు, గాలి మార్పు కోసమని వెనిస్ వెళ్లాడు. 1853 మార్చి 17న అక్కడే పోయాడు. యాభయ్యో ఏడు నిండలేదు. చుక్కల రంగులు తన సూత్రంవల్లనే వస్తాయని నమ్ముతూనే పోయాడు.

పదిహేనేళ్ల తర్వాత, 1868లో, లండనులో విలియం హగ్గిన్స్ అనే ఆయన సిరియస్ వెలుగులో ఒక గీత కాస్త జరిగి ఉందని కనిపెట్టాడు. మనం మృగవ్యాధుడు అనే చుక్క అది. హగ్గిన్స్ పట్టుబట్టల వ్యాపారం చేసే కుటుంబంవాడు. అంగడి అమ్మేసి దూరదర్శిని కొనుక్కున్నాడు. సిరియస్ మనకి దూరమవుతోందన్నాడు. అదీ తప్పే! నిజానికి సెకనుకు అయిదు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో మనవైపే వస్తోంది. అయినా దారి పడింది. అన్నట్లు, అదే ఏడు ఆగస్టు 18న మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సముద్రాలు దాటి వచ్చి, గుంటూరులో నిలబడి, సూర్యుడి అంచుమీది మంటల్ని ఇలాగే గీతలుగా విడదీసి చూశాడు. చుక్కల వెలుగుని విప్పి చదవడం ఆ రోజుల్లో అంత కొత్త వింత.

ఆ తర్వాతి పెద్ద కథ మీరు వినే ఉంటారు. గెలాక్సీలు మననుంచి దూరమవుతున్నాయనీ, ఎంత దూరాన ఉంటే అంత జోరుగా పోతున్నాయనీ 1929లో హబుల్ చెప్పాడు. వాటి వెలుగు ఎరుపువైపు జరిగి ఉంది. మరీ దూరాన ఉన్నవాటి వెలుగు ఎరుపుని కూడా దాటి, కంటికి కనబడని వైపు వెళ్లిపోయింది. అక్కడ రంగు నిజంగానే మారుతుంది. కాని అది చుక్క పరుగువల్ల కాదు, మధ్యనున్న చోటే సాగడంవల్ల అంటారు. కనుక డాప్లర్ గారికి పూర్తిగా కట్టబెట్టడానికి లేదు. ఆ మహా విషయాల జోలికి నేను పోను. నాకు నచ్చింది ఇంకో చిన్న కథ. అది మన పెళ్లిపందిరి దాకా వస్తుంది.

పెళ్లయ్యాక పురోహితుడు వధూవరుల్ని ఆరుబయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపిస్తాడు. ముహూర్తం పగలైతే ఎండ మాడుతూ ఉంటుంది, అయినా చూపిస్తాడు. "కనిపించిందా అమ్మా?" "కనిపించింది." ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడినట్టు కాదు, అది అంతే. రాత్రయితే మాత్రం నిజంగానే కనిపిస్తుంది. సప్తర్షి మండలంలో తోక మధ్యనున్న చుక్క వశిష్ఠుడు, ఆయన్ని ఒరుసుకుని మిణుకుమనేది అరుంధతి. పాశ్చాత్యులు వశిష్ఠుణ్ణి మిజార్ అంటారు, అరుంధతిని ఆల్కార్ అంటారు. దూరదర్శినిలో చూస్తే వశిష్ఠుడు కూడా రెండు చుక్కలని 17వ శతాబ్దంలోనే తెలిసింది. వాటిలో కాంతి ఎక్కువున్నది ఒంటరిదేనని అందరూ అనుకున్నారు. ఎంత పెద్ద దూరదర్శినిలో చూసినా అది ఒక్కటే.

అమెరికాలో, హార్వర్డ్ నక్షత్రశాలలో, ఆకాశం వెలుగుని గీతలుగా విడదీసి గాజుపలకల మీద ఫోటోలు తీసేవారు. ఆ పలకల్ని భూతద్దం పెట్టి చూసి లెక్కలు కట్టే పనికి ఆడవాళ్లని పెట్టారు. వాళ్లని అక్కడ కంప్యూటర్లు అనేవారు, యంత్రం కంప్యూటరు రాకముందే. జీతం గంటకు పాతిక సెంట్లు. ఆ పనికి డబ్బిచ్చింది కూడా ఒక స్త్రీయే, హెన్రీ డ్రేపర్ అనే శాస్త్రజ్ఞుడి భార్య ఆనా, భర్త పోయాక ఆయన జ్ఞాపకార్థం. ఆ డ్రేపర్ మేనకోడలు ఆంటోనియా మోరీ. వాసర్ కాలేజీలో చదివి 1888లో అక్కడ చేరింది.

1887 మార్చిలో తీసిన వశిష్ఠుడి పలక ఒకదానిలో వింత కనబడింది. ఒక్కటిగా ఉండాల్సిన గీత రెండుగా చీలి ఉంది. మిగతా పలకల్లో చాలావాటిలో ఒక్కటే గీత. నక్షత్రశాల అధిపతి పికరింగ్ ఈ సంగతి పసిగట్టి, వాటిని మోరీ చేతిలో పెట్టాడు. ఆమె పలక తర్వాత పలక, రోజు తర్వాత రోజు పోల్చి చూసింది. కొన్నాళ్లు గీత రెండవుతోంది, కొన్నాళ్లు ఒకటవుతోంది, మళ్లీ రెండవుతోంది. అంటే అక్కడున్నది ఒకటి కాదు, ఒకదాన్నొకటి చుట్టే రెండు చుక్కలు. ఒకటి మనవైపు వస్తున్నప్పుడు దాని గీత నీలంవైపు జరుగుతుంది, అదే సమయంలో రెండోది దూరం పోతోంది కనుక దాని గీత ఎరుపువైపు జరుగుతుంది. రెండూ అడ్డంగా కదిలేటప్పుడు రెండు గీతలూ కలిసిపోతాయి. సెకనుకు అరవై డెబ్భై కిలోమీటర్ల వేగం. రంగులో తేడా నాలుగున్నర వేలలో ఒక వంతు. ఏ కంటికి ఆనుతుంది అది? గీతకి ఆనింది.

1889లో ఆ సంగతి లోకానికి చెప్పారు. ఇలా గీతలు చూసి పట్టుకున్న మొట్టమొదటి జంట మన వశిష్ఠుడే. ఆ ఏడే ఇలాంటి ఇంకో జంటని మోరీ తనే కనిపెట్టింది. అవి నాలుగు రోజులకోసారి చుట్టు తిరుగుతాయి. డాప్లర్ 1842లో వ్యాసానికి పెట్టుకున్న పేరు గుర్తుందా? జంట నక్షత్రాలు, రంగుల కాంతి. పోయిన 36 ఏళ్లకి ఆ రెండు మాటలూ మళ్లీ ఒకచోట కలిశాయి, ఆయన అనుకున్న తీరున మాత్రం కాదు.

పికరింగ్ తన నివేదికలో మోరీ పేరు చెప్పాడు, అందులో అన్యాయం లేదు. కాని తర్వాత ఏళ్లపాటు ఆమె చేసిన నక్షత్రాల వర్గీకరణ దగ్గర ఇద్దరికీ పొసగలేదు. ఆయనకి పని తొందరగా కావాలి, ఈమెకి లోతుగా కావాలి. తన ఆలోచన తన పేరుమీదే రావాలని ఉత్తరం రాసింది, మధ్యలో పని వదిలి వెళ్లిపోయింది, మళ్లీ వచ్చింది. చివరికి 1897లో ఆ గ్రంథం అచ్చయినప్పుడు శీర్షిక పేజీలో ఆంటోనియా మోరీ పేరుంది. గంటకు పాతిక సెంట్ల లెక్కలమ్మాయిలకి ఆ రోజుల్లో అది మామూలు సంగతి కాదు. ఈ ఘట్టం చదివినప్పుడు, డాప్లర్ మొండితనం మీద నాకున్న అభిమానం ఈమె మొండితనం మీదికి కూడా పాకింది.

ఆ తర్వాత 1908లో వశిష్ఠుడిలోని రెండో చుక్క కూడా జంటేనని తేలింది. 2009లో అరుంధతి పక్కన కూడా ఒక చిన్న ఎర్రచుక్క దాగి ఉందని కనిపెట్టారు. మొత్తం ఆరు. పురోహితుడు రెండు చూపిస్తున్నాడు, వధూవరులు ఒక్కటీ సరిగ్గా చూడటం లేదు, పైన ఉన్నవి ఆరు.

వశిష్ఠుడిలోని ఆ మొదటి జంట 52 రోజులకోసారి చుట్టు తిరుగుతుందని మొదట లెక్కకట్టారు. తర్వాత అది ఇరవైన్నర రోజులని తేలింది. పెళ్లినాడు అరుంధతీ దర్శనం వేళకి ఆ రెండు చుక్కలూ ఎక్కడ ఉంటాయో, పదహారు రోజుల పండగనాటికి ఇంకా తిరిగి అక్కడికి రావు. అప్పటికి చుట్టు పూర్తికావడానికి నాలుగున్నర రోజులు తక్కువ.